ముయ్యి పిలుపు

రాజప్ప వీధి మొదట్నుంచి పిలుచుకుంటూ వస్తున్నాడు. ఒక్కో ఇంటి ముందర నిలబడటం, గొంతు సవరించుకోవడం, "రేపు మా మిట్ట చేనికి, పొద్దన్నే" అనడం, లోపలినుంచి "వస్తాములేప్పా" అని వినబడగానే పక్కింటికి కదలడం. పిలుపంటే అంతే. కూర్చునేది లేదు, బతిమాలేది లేదు.

గుర్రప్ప అరుగుమీద కూర్చుని అనపగింజలు పితుకుతున్నాడు. నానిన గింజను బొటనవేలితో నొక్కితే తొక్క వేళ్లమధ్య ఉండిపోయి పప్పు జారి గిన్నెలో పడుతుంది. రాజప్ప పక్కింటి ముందుకు వచ్చేసరికి అతని వేళ్లు ఆగాయి. తడిచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

రాజప్ప వచ్చాడు. గిన్నెలోకి చూశాడు.

"పితికిపప్పాప్పా ఈపొద్దు?"

"ఊ" అన్నాడు గుర్రప్ప.

"బాగుంటాదిలే ముద్దలోకి" అని రాజప్ప తరువాతి ఇంటికి పోయాడు. అక్కడ నిలబడి గొంతు సవరించుకున్నాడు.

లోపల పొయ్యి ముందర కూర్చున్న భార్య మునెమ్మ గరిట పక్కన పెట్టి బయటికి వచ్చింది. "పిలిచినాడా?"

"చేను లేనోణ్ణి యాడికని పిలుస్తాడు మే."

"కోసేదానికి చేనెందుకు? చెయ్యి చాలదా?"

గుర్రప్ప మళ్లీ గింజ అందుకున్నాడు. ఆమెకు తెలియనిదేమీ కాదు. రాగులు కోతకొచ్చే కాలంలో ఆ ఊళ్లో కూలి మాట ఉండదు. ఈరోజు నేను నీ చేనికి వస్తే, నా రోజున నువ్వు నా చేనికి రావాలి. దాన్ని ముయ్యి అంటారు. చేను అమ్ముకున్నవాణ్ణి పిలిస్తే, వాడు వచ్చి ఒక రోజు చేసిపోతే, ఆ రోజును తిరిగి ఎక్కడ తీర్చాలి? ఒకరి రుణం మీద వేసుకుని ఊరుకునే మనుషులు కారు వాళ్లు. అందుకే పిలవలేదు. అవమానం చేయాలని కాదు. అది తెలిసినా ఆ రాత్రి సంగటి సగం పళ్లెంలోనే మిగిలింది.

పక్కింటి టీవీలో అరవంలో వార్తలు వస్తున్నాయి. సముద్రంలో వాయుగుండమట, రెండురోజుల్లో వాన అట. పోయిన వానకు ఊత్తంగరైలో రోడ్డుమీది వ్యాన్లు కాగితం పడవల మాదిరిగా కొట్టుకుపోయినది అందరికీ గుర్తుంది. వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

గుర్రప్ప చెయ్యి కడుక్కుని, రాత్రి కావలికి పోవడానికి కొక్కేనికి తగిలించిన నీలం చొక్కా వేసుకున్నాడు. జేబుమీద ఇంగ్లీషులో ఏదో కుట్టి ఉంది. అది ఆ ఫారం పేరు. ఆ పేరు ఏమిటో ఎవరైనా అడిగితే "బెంగుళూరోళ్ల ఫారం" అని చెబుతాడు. ఏడాది కిందటిదాకా దానిపేరు గుర్రప్ప చేను.

*

పొద్దున ఫారం యజమాని జితేంద్ర, అతని భార్య దివ్యశ్రీ బెంగుళూరునుంచి కార్లో దిగారు. గుర్రప్ప మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో గేటు తీశాడు. మనిషి ఎత్తుకు మించిన ఇనపగేటు. దాని పైన కెమెరా. గేటుకు రెండువైపులా గోడ, గోడమీద ముళ్లకంచె. వెనక ఇల్లు, ఇంటి వెనక పెద్ద గది, ఆ గది నిండా డ్రమ్ములు. బియ్యం, పప్పులు, ఉప్పు, బ్యాటరీలు, మందులు. అన్నీ గుర్రప్పే దించి సర్దాడు. సర్దేటప్పుడు పెళ్లికేమో అనుకున్నాడు.

జితేంద్ర బూట్లతోనే గట్టుమీదికి నడిచాడు. మంచివాడే. హైదరాబాదు పక్క మనిషి, బెంగుళూరులో ఏదో కంపెనీలో వాటా ఉందంటారు. గుర్రప్పను ఎప్పుడూ 'గారు' చేర్చకుండా పిలవలేదు.

"గుర్రప్పగారూ, ఎంత బాగా వచ్చిందండీ."

గుర్రప్ప వీపు దానంతటదే నిటారయింది. రాగి వెన్నులు పిడికిళ్ల మాదిరిగా లోపలికి ముడుచుకుని, బరువుకు తలలు ఒకే పక్కకు వాల్చి ఉన్నాయి. నడుమ నడుమ అనప సాళ్లు. మందుచల్లని పంట కావాలన్నాడు జితేంద్ర. మందు లేకుండానే పండించాడు. నేల అమ్మినా విత్తనం అమ్మలేదు. ఈ మడిలో పడింది మునెమ్మ అటకమీద బూడిదలో కలిపి దాచుకున్న రాగులే.

"రేపు రాత్రికి భారీ వర్షం అంటున్నారు. ఇవాళే కోయించేద్దాం."

"మిషనోనికి ఫోను చేసినాను సార్. వేప్పనపల్లి పక్క అంతా వాని మిషనే తిరగతాండాది. నాలుగు దినాలు దొరకదంట."

"అయితే మనుషుల్ని పిలవండి. కూలి రెండింతలు ఇద్దాం. మూడింతలైనా పర్లేదు."

గుర్రప్ప తల గోక్కున్నాడు. "అడిగి చూస్తాను సార్."

రాజప్ప మిట్ట చేనిలో ఊరంతా వంగి ఉంది. వరసగా ఆడవాళ్లు, మొగవాళ్లు. ఎడమచేత్తో దంట్లను పిడికెడు పట్టి, కుడిచేత్తో కొడవలి ఒక్క గుంజు గుంజి, ఎడమపక్కకు పరుస్తూ పోతున్నారు. సరసర చప్పుడు తప్ప వేరే మాట లేదు. గుర్రప్ప గట్టుమీద నిలబడ్డాడు. నీలం చొక్కా దూరానికే కనబడింది.

"ఏమప్పా ఆఫీసరూ, దారి తప్పినావా?" అన్నాడు రాజప్ప నడుమెత్తకుండా.

"మా సారు రాగి కోయించాలంటాడు. కూలి రెండంతలంట."

ఏ కొడవలీ ఆగలేదు.

"ఎన్నంతలిచ్చి ఏమి చేసేదప్పా" అన్నాడు దొడ్డప్ప. అందరికంటే ముసలివాడు, వరసలో అందరికంటే ముందున్నాడు. "ఈపొద్దు రాజప్పది, రేపు పుట్టమ్మది. మాట ఇచ్చేసినాము గదా."

"ఎల్లుండి?"

"ఎల్లుండికి వాన వస్తాదంట. దాన్నడుగు, రెండంతలిస్తే నిలస్తాదేమో."

"ఆ దుడ్లన్నీ చేని మింద పరిచి కప్పమనప్పా మీ సారుని, తడవదు" అంది వరస చివరినుంచి ఒకామె. నవ్వు వరస పొడుగునా పాకింది. గుర్రప్పకు కూడా నవ్వొచ్చేది, చొక్కా వేరేది అయివుంటే.

ఎదురుగా ఒక కొత్త కోడలు కోస్తున్నది. కొడవలి మరీ పైకి పట్టింది. ప్రతి పిడికెడులో రెండు మూడు దంట్లు జారి నిలబడిపోతున్నాయి. గుర్రప్ప కుడిచెయ్యి తెలియకుండానే మూసుకుంది, తెరుచుకుంది. ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

పుట్టమ్మ నీళ్లు తాగడానికి గట్టుకు వచ్చింది. ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమెకున్న ఒక్క ఎకరా గుర్రప్ప అమ్మిన నేలకు ఆనుకుని, వెనకపక్క ఉంది. మూడుపక్కలా ఇప్పుడు జితేంద్ర ఫారమే, నాలుగో పక్క గుట్ట. పాత బండిబాట ఫారం నడుమనుంచి పోయేది. గేటు పడినాక ఆమె గుట్ట చుట్టూ ముళ్లపొదల్లో దూరి పోయివస్తున్నది. విత్తనాలైతే ఒళ్లో మోసుకుపోవచ్చు. పంటను మోసుకురావడం వేరు.

"కోసి పరిచింది ఎండిందా వదినా?" అన్నాడు గుర్రప్ప.

"ఎండినట్లే. రేపు కట్టలు కట్టి ఎత్తేయాల." చెంబు ఎత్తి నోట్లో పోసుకుంది. "గుట్ట చుట్టు తిప్పాల గదా. సగం చేరేలోపల వాన పట్టుకుంటాది. మిగిలింది ఆడనే మొలకెత్తి నల్లగైపోతాది. అంతే."

"నేను సారునడుగుతాను."

"అడగొద్దు." చెంబు కింద పెట్టింది. "అడిగితే నాకమ్మేయమంటాడు. ఎన్నితూర్లు అనలేదు? నువ్వు అడిగి, ఆ మాట మోసుకుని నా కాడికి రావద్దప్పా. వానలో పోతే పోనీ. వానకు పోయింది మళ్లీ విత్తుకోవచ్చు."

కొంగు నడుముకు దోపుకుని మళ్లీ వరసలోకి పోయింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, అతని మొలతాడుకు వేలాడుతున్న తాళంచెవిని చూసింది. దాని గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండుననిపించింది గుర్రప్పకు.

*

అయినా అడిగాడు.

సాయంత్రం జితేంద్ర వరండాలో కూర్చుని ఫోనులో ఎర్రగీతలు, పచ్చగీతలు చూస్తున్నాడు. దివ్యశ్రీ మెట్లమీద కూర్చుని, పొద్దున తెంపుకొచ్చిన అనపకాయలు ఒలవడం నేర్చుకుంటోంది. గుర్రప్ప మెట్లకింద నిలబడి చెప్పాడు: రేపు ఒక్కరోజు గేటు తీస్తే రాజప్ప ట్రాక్టరు నేరుగా పోయి పుట్టమ్మ కట్టలు తెచ్చేస్తుంది, మధ్యాన్నానికల్లా అయిపోతుంది.

జితేంద్ర ఫోను బోర్లించి పెట్టాడు. "ఒకసారి దారిస్తే అది హక్కయిపోతుందని మా లాయరు గట్టిగా చెప్పాడండీ. నాకు ఆమె మీద కోపమేం లేదు. మార్కెట్టు కన్నా ఎక్కువే ఇస్తానన్నాను. ఆమె అమ్మేస్తే ఈ సమస్యే ఉండదు కదా."

"ఆమె అమ్మదు సార్."

"మీరు అమ్మారుగా."

 ఆ మాటలో తప్పేమీ లేదు. బోరు ఎండింది, సొసైటీ అప్పు నోటీసు వచ్చింది, అమ్మాడు. ఈయన మళ్లీ బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. నీళ్లు కూడా మనిషిని చూసి పడతాయి కాబోలు అనుకున్నాడు ఆరోజు.

"కూర్చోండి గుర్రప్పగారూ, మీకొకటి చెప్పాలి." జితేంద్ర కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. "నేను ఇదంతా సరదాకి కొనలేదు. మా ఫ్రెండ్స్ కూడా. కావేరిపట్టణం పక్క ఒకడు, ఊత్తంగరై పక్క ఒకడు. మా అందరికీ అర్థమైంది ఒక్కటే. ఇప్పుడు నడుస్తున్నది ఎక్కువకాలం నడవదు. అప్పులమీద అప్పులు. ఉద్యోగాలన్నీ కంప్యూటర్లే చేసేస్తున్నాయి. ఒకరోజు పొద్దున బ్యాంకు తలుపు తెరవదు. కార్డు గీకితే పనిచేయదు. నోట్లు చిత్తుకాగితాలు. అప్పుడు సిటీల్లో తిండికి కొట్టుకుంటారు. నేలా, నీళ్లూ, గింజలూ ఉన్నవాడు బతుకుతాడు."

"అట్లనా సార్" అన్నాడు గుర్రప్ప. కూర్చోలేదు.

"అందుకే మిమ్మల్ని పెట్టుకున్నది. ఆ రోజు వస్తే మీరూ మీ ఆవిడా ఇంటికి పోనక్కర్లేదు. లోపలికి వచ్చెయ్యండి. మీకు తిండికి లోటుండదు. నాది మాట. మీరు చేయాల్సిందల్లా ఒకటే. గేటు దగ్గర ఉండాలి. ఎవరొచ్చినా తీయకూడదు."

"ఎవరొస్తారు సార్?"

"ఎవరైనా. ఆకలైనవాళ్లు."

దివ్యశ్రీ చేతిలోని కాయ ఒలవకుండా పట్టుకుని భర్తవైపు చూసింది.

గుర్రప్ప గేటువైపు తిరిగి చూశాడు. గోడ ఎత్తువల్ల బయట ఏమీ కనబడదు. కనబడకపోయినా, ఆ గేటు బయటకు నడిచి రాగలిగినంత దూరంలో ఉన్న మనుషులు ఎవరో అతనికి తెలుసు. బెంగుళూరునుంచి ఎవరూ రారు. దొడ్డప్ప వస్తాడు, కర్ర పట్టుకుని. రాజప్ప వస్తాడు, గొంతు సవరించుకుంటూ. ఆ కొత్త కోడలు వస్తుంది. పుట్టమ్మ మాత్రం రాదు. ఆమె రానందుకు అతను ఇంకా సిగ్గుపడాలి.

"ఏమంటారు?" అన్నాడు జితేంద్ర.

"వినినాను సార్" అన్నాడు గుర్రప్ప.

*

మర్నాడు పొద్దుకి ఆకాశం బూడిద పూసినట్టుంది. తూర్పునుంచి చల్లగా గాలి. మునెమ్మ సద్ది మూట కట్టబోతే వద్దన్నాడు. అటకమీదినుంచి తాడు, పంగల కర్ర దించాడు. దూలం సందులో దోపిన కొడవళ్లు రెండూ తీసి గోనెసంచిలో చుట్టాడు.  మునెమ్మ కూడా తలగుడ్డ చుట్టుకుని వెంట బయలుదేరింది.

గుట్ట దగ్గర జనం అప్పటికే వరస కట్టారు. చేనిలో కొందరు కట్టలు కడుతుంటే, కొందరు నెత్తిన మోసుకుని పొదల్లోంచి వస్తున్నారు. ముళ్లకు వెన్నులు తగులుకుని తెగి రాలిపోతున్నాయి. బాటపొడుగునా రాగులు చల్లినట్టుంది. ఊరివైపు రోడ్డుమీద రాజప్ప ట్రాక్టరు ఊరికే నిలబడి ఉంది.

గుర్రప్ప నేరుగా గేటు దగ్గరికి నడిచాడు. తాళం తీశాడు. ఒక రెక్క కాదు, రెండు రెక్కలూ గోడకు ఆనేదాకా తోసి, కదలకుండా రాళ్లు పెట్టాడు. తర్వాత తలెత్తి కెమెరాలోకి చూశాడు. దాని కంటికి ఆనేలా కొంచెంసేపు నిలబడ్డాడు. నీలం చొక్కా విప్పి, నాలుగు మడతలు పెట్టి, తాళంచెవి దానిమీద ఉంచి వరండా అరుగుమీద పెట్టాడు.

ట్రాక్టరు చప్పుడుకు జితేంద్ర బయటికి వచ్చాడు. నిద్రబట్టల్లో ఉన్నాడు. ట్రాక్టరు అతని ముందునుంచే పాత బండిబాట మీదుగా వెనక్కి పోయింది. వెనకాల మనుషులు, తాళ్లు, కర్రలు. ఎవరూ అతనివైపు చూడలేదు. చూడకూడదని కాదు, తొందర.

"గుర్రప్పగారూ, నేను చెప్పింది మీరు వినలేదా?"

"వినినాను సార్."

అంతే చెప్పి బనీనుతో పుట్టమ్మ చేనివైపు పోయాడు.

జితేంద్ర ఫోను చెవికి పెట్టుకుని లోపలికీ బయటికీ తిరిగాడు. ఎవరితోనో మాట్లాడాడు, పోలీసులనే మాట కూడా వినిపించింది. దివ్యశ్రీ ఏదో అంది. ఆ తర్వాత ఫోను జేబులోకి పోయింది.

చేనిలో గుర్రప్పను చూసి పుట్టమ్మ చేతిలోని కట్ట దించింది. "నిన్నెవరప్పా పిలిచింది?"

"ఎవరూ పిలవలేదు వదినా. పనికొస్తానో లేదో చెప్పు, పోతాను."

ఆమె అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. "వామి వేసేదానికి మనిషి లేడు. రాజప్ప వేస్తే పోయినేడు నడుమ నీళ్లు దిగినాయి."

"నన్ను తిట్టేదానికి వాణ్ణి పొగడకుంటే చాలు" అన్నాడు రాజప్ప ట్రాక్టరుమీదినుంచి.

ఊరివైపు మిట్టమీద రాళ్లు పరిచి గుర్రప్ప వామి మొదలుపెట్టాడు. కట్టలు కిందినుంచి అందిస్తుంటే వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి తిప్పి, గుండ్రంగా, మోకాలితో అదుముతూ పేర్చుకుంటూ పైకి లేచాడు. నడుమ ఎత్తు, అంచులు వాలు. ప్రతి వరసా కిందిదానికంటే వేలెడు బయటికి వచ్చి, సగం దాటినాక మళ్లీ లోపలికి తగ్గుతూ పోవాలి. అప్పుడే వాన జారి పక్కన పడుతుంది. ఏడాదిగా గేటు తీసి మూసిన చేతులు మొదట బరువనిపించాయి. నాలుగు వరసలయ్యేసరికి ఆ చేతులు తనవేనని గుర్తుపట్టాయి. చివర్లో గడ్డిని జుట్టుముడి మాదిరిగా మెలితిప్పి శిఖరాన దోపి, జారి కిందికి దిగాడు.

దొడ్డప్ప చుట్టూ తిరిగి చూశాడు. కర్రతో ఒకచోట పొడిచాడు. కర్ర దిగలేదు. "ఊ" అన్నాడు. దొడ్డప్ప ఊ అన్నాడంటే ఆ ఊళ్లో పెద్ద మాట.

మధ్యాన్నం కాకముందే పుట్టమ్మ చేను ఖాళీ అయింది. పుట్టమ్మ అందరికీ తలా ఒక ముద్ద, పప్పు పెట్టింది. గుర్రప్ప ముందర పెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

"నీకు నేనొక రోజు బాకీ అప్పా. మునెమ్మకొకటి. చేను లేనోనికి నేనెట్ల తీర్చేది?"

అందరి నములుడూ నెమ్మదించింది. ఆ మాట ఎవరో ఒకరు అనవలసిందే. ఇన్నాళ్లూ అతని గడపను దాటించిన మాట అదే.

గుర్రప్ప ముద్ద తుంచి పప్పులో ముంచాడు. "చేను లేదు వదినా. పంట ఉండాది."

"యాడ?"

గేటులోంచి కనబడుతున్న రాగులవైపు గడ్డం ఎత్తి చూపించాడు. గాలికి మడి మొత్తం ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తోంది.

"అది వాళ్లది గదప్పా" అన్నాడు రాజప్ప.

"నేల వాళ్లది. విత్తినది నేను. కలుపు తీసినది మునెమ్మ. పిట్టల్ని తోలినది నేను. విత్తనము మా అటకది." ముద్ద మింగాడు. "నాకు రావాల్సిన రోజు నేను ఆడ అడగతాండాను. మీకిష్టం లేకుంటే వద్దు. నేను, మునెమ్మ కోసినంత కోస్తాము."

"తిని పడుకునేటోని గింజకు మేమెందుకు నడుము వంచాల?" అంది నిన్న నవ్వించినామె.

"వానికోసం వంచొద్దు. వాణ్ణి నేనూ తిట్టతాను, కావాలంటే మీకంటే ఎక్కువ తిట్టతాను. పండిన గింజ నీళ్లలో మురిగితే చూసేదానికి నాకు చేతగాదు. అది నా చేతి పంట."

 పుట్టమ్మ చెయ్యి కడుక్కుంది. కొడవలి తీసుకుంది.

"నా రోజు నేను తీర్చుకోవాల. మీ సంగతి మీరు చూసుకోండి" అని గేటులోంచి నడిచింది.

కొంచెంసేపటికి దొడ్డప్ప లేచాడు. తర్వాత ఆ కొత్త కోడలు. రాజప్ప చివరికి, గొణుక్కుంటూ.

వాన దగ్గరికొచ్చేసింది. దంటు కోసి పరిచే వ్యవధి లేదు. వెన్నులు మాత్రం గిల్లినట్టు కోసి ఒళ్లో వేసుకుంటూ, ఒడి నిండగానే బుట్టల్లోకి. కొత్త కోడలి పక్కన గుర్రప్ప వంగాడు. "కొడవలి కిందికి పట్టమ్మా. మణికట్టు తిప్పు, చెయ్యి గుంజొద్దు" అన్నాడు. ఆ పిల్ల తిప్పింది. మరోసారి చెప్పవలసిన పని రాలేదు.

బుట్టలు నిండాయి. పచ్చివెన్నులు కుప్పపోస్తే వేడెక్కి బూజు పడతాయి. కప్పు కింద పలచగా ఆరబోయాలి. మునెమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వరండా దగ్గర నిలబడింది. ఏం చేయాలో తోచలేదు.

దివ్యశ్రీ లోపలికి పోయి డ్రమ్ముల గది తాళంచెవి తెచ్చింది.

"దివ్యా" అన్నాడు జితేంద్ర.

"లోపల చోటుంది జితూ. డ్రమ్ములు ఒక పక్కకి జరిపితే సరిపోతుంది" అంది. తలుపు తీసి, మొదటి డ్రమ్మును తనే దొర్లించడం మొదలుపెట్టింది. అది కదల్లేదు. మునెమ్మ బుట్ట దించి చెయ్యి వేసింది. జితేంద్ర కాసేపు చూశాడు. తర్వాత వచ్చి మూడో చెయ్యి వేశాడు. బ్యాటరీల పెట్టెలు, బియ్యం డ్రమ్ములు గోడవారకు పోయాయి. కారు బయటికి పోయింది, షెడ్డులో గోనెపట్టాలు పరిచారు. పొద్దు గుంకే వేళకు గది, వరండా, షెడ్డు అంతటా రాగి వెన్నులు. ఇల్లంతా పచ్చిగడ్డి వాసన.

చివరి బుట్ట లోపలికి చేరుతుండగా మొదటి చినుకులు రేకుమీద పడ్డాయి.

*

అందరూ వరండా చూరుకింద ఒదిగి నిలబడ్డారు. కాళ్లకు మట్టి, జుట్టులో రాగిపొట్టు. జితేంద్ర లోపలికి పోయి పర్సుతో వచ్చాడు. పొద్దుటి ముఖం కాదు అది.

"నిన్న చెప్పినట్టే ఇస్తానండీ. మూడింతలు. ముందు ఎవరికివ్వమంటారు?"

ఎవరూ చెయ్యి చాపలేదు. పుట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ అంది: "మేము నీకు రాలేదప్పా. గుర్రప్పకు వచ్చినాము."

"సరే, కానీ పని నా పొలంలోనే కదా చేశారు. ఊరికే ఎలా తీసుకుంటాను?"

"ఊరికే అని ఎవరన్నారు? నేనీయాల్సింది నేనిచ్చినాను. వీళ్లంతా కూడా గుర్రప్ప పేరుమింద వచ్చినారు. ఇంగ వీళ్ల చేనికి గుర్రప్ప వస్తాడు."

జితేంద్ర పర్సు తెరిచి పట్టుకునే ఉన్నాడు. నోట్లు కనబడుతున్నాయి. ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. వాన పెద్దదయింది. దొడ్డప్ప చుట్ట ముట్టించుకోవడానికి అగ్గిపెట్టె అడిగాడు, ఎవరో ఇచ్చారు. ఆ పర్సుతో ఆ చూరుకింద ఎవరికీ పని లేదు. ఏ రోజు వస్తుందని భయపడి ఇంత గోడ కట్టుకున్నాడో, ఆ రోజు ఇట్లా ఉంటుందని అతను అనుకుని ఉండడు. మెల్లగా పర్సు మూసి వెనకజేబులో పెట్టుకున్నాడు.

"మరి నేనేం చేయాలి?" అన్నాడు. ఎవర్ని అడిగాడో అతనికే తెలిసినట్టు లేదు.

దొడ్డప్ప చుట్ట పొగ వదిలాడు.

వాన కొంచెం తెరిపి ఇవ్వగానే ఒక్కొక్కరే గోనెసంచులు కప్పుకుని గేటు దాటి పోయారు. రాజప్ప ట్రాక్టరు దాకా పోయి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. మెట్లకింద నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"గుర్రప్పా. వాన వెలిసినంక మా దిగువ చేని ఉలవలు. పొద్దన్నే."

గుర్రప్ప స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. ఆ మాటకు కూర్చునే జవాబు చెప్పొచ్చు. ఎవరైనా అట్లానే చెబుతారు.

"వస్తాములేప్పా" అన్నాడు.

రాజప్ప తిరగబోయి, జితేంద్రను చూశాడు. కొంచెం ఆలోచించాడు. మూతి ఒక పక్కకు పోయింది.

"నువ్వు గూడా రాప్పా. ఈడ ఉంటే."

"నేనా? నాకు రాదండీ ఆ పని."

"గుర్రప్ప చెప్పిస్తాడులే. ఆ పాపకు చెప్పిచ్చినాడు గదా." అని ట్రాక్టరెక్కి పోయాడు.

గేటు రెండు రెక్కలూ తెరిచే ఉన్నాయి. అరుగుమీద నీలం చొక్కా మడత చెదరకుండా ఉంది, దానిమీద తాళంచెవి. జితేంద్ర ఆ రెండింటినీ చూశాడు, గేటునూ చూశాడు. 

గుర్రప్ప గోనెసంచి విప్పాడు. ఒక కొడవలి మునెమ్మ చేతిలో ఉంది. తనది తీసి, చూరునీళ్లు పడుతున్న బండరాయి ముందర గొంతుకూర్చుని నూరడం మొదలుపెట్టాడు. తోసినప్పుడు ఒక చప్పుడు, గుంజినప్పుడు ఇంకో చప్పుడు. అంచు మెరిసినాక బొటనవేలితో తడిమి చూసి పక్కన పెట్టాడు. మునెమ్మ తన కొడవలి అందించింది. ఉలవలు పెరికే పంట, కొడవలితో పనే లేదు. అది ఇద్దరికీ తెలుసు. అయినా అందుకుని దాన్నీ నూరాడు, తీరిగ్గా, వాన చప్పుడు వింటూ.

వెనకనుంచి జితేంద్ర మెట్లు దిగి వచ్చి పక్కన నిలబడటం తెలుస్తూనే ఉంది. గుర్రప్ప తల తిప్పలేదు. పిలుపు పిలిచినవాడు పిలిచిపోయాడు. ఇంక వచ్చేదీ రానిదీ ఆయన చూసుకోవాలి.